మాట్లు వేయువాని స్వప్నము



ప్రభువు రాకడను గూర్చి కల్పించి వ్రాసిన కథలను విశ్వాసులు చదువవచ్చునా అను ప్రశ్న మన కూడికలలో అప్పుడప్పుడు లేచుచున్నది. అమెరికాలో టిమ్ లాహే, జెర్రీ జెన్కిన్స్ అను ఇద్దరు 1995 మొదలు 2007 వరకు పదునారు సంపుటములుగా వెలువరించిన అంత్యకాలపు నవలలు, వాటినిబట్టి తీసిన చలనచిత్రములు లోకమంతట వ్యాపించినవి. ఇటు చిల్కానగరులో ఉప్పల్, నాచారముల నడుమ కూడుకొను మనలోనైనను, అటు పల్లె సంఘములలోనైనను అందరి మాట ఒక్కటిగా లేదు. అట్టి కథవలన మెలకువ కలిగెనని ఒకరందురు. పిల్లలు రాత్రివేళ ఉలికిపడి లేచుచున్నారని మరియొకరందురు. వాక్యమునకు కట్టుకథ చేర్చుటయే తప్పని మూడవవారందురు.

ఈ తగవు నిన్న మొన్నటిది కాదు. మన తెలుగువారు యాత్రికుని ప్రయాణము అను పేరుతో ఎరిగిన పుస్తకమును వ్రాసిన జాన్ బన్యన్ దీనిని మూడువందల యేండ్లకు పైగా ముందే ఎదుర్కొనెను. కనుక ఈ నెల అతని జీవితమును జ్ఞాపకము చేసికొందము.

బన్యన్ 1628లో ఇంగ్లాండు దేశమున బెడ్‌ఫర్డు పట్టణమునకు చేరువనున్న ఎల్‌స్టో అను పల్లెలో పుట్టెను. తండ్రి చిల్లుపడిన గిన్నెలకు, బిందెలకు మాట్లు వేయువాడు. కుమారునికిని ఆ పనియే అబ్బెను. వీధిలో మాట్లువాని కేక విని ఓటిబిందెలు బయటికి తెచ్చిన మన పెద్దలకు ఆ బ్రదుకు ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. చదువు కొద్దిపాటిది. తొమ్మిది పది యేండ్ల ప్రాయముననే తీర్పు దినమును గూర్చిన తలంపులు, దయ్యములను గూర్చిన కలలు ఆ బాలుని పీడించినవి. రాత్రివేళ ఉలికిపడు పిల్లవాడు ఎట్లుండునో అతడు తానే అనుభవించెను. ఈ సంగతి మనము మరువరాదు.

1644లో తల్లియు, కొద్ది వారములకే చెల్లెలును మరణించిరి. ఆ యేడే అతడు పార్లమెంటు సైన్యములో చేరెను. ఒక ముట్టడిలో అతనికి బదులుగా వెళ్లిన తోటి సైనికుడు కావలి కాయుచు తలకు గుండు తగిలి చనిపోయెను. ఇంచుమించు 1649లో బన్యన్ వివాహమాడెను. ఆ దంపతులకు గిన్నెయు చెంచాయు లేని పేదరికము. భార్య పుట్టింటినుండి తెచ్చినది రెండు భక్తి పుస్తకములు మాత్రమే. వారి మొదటి బిడ్డ మేరీ పుట్టుగ్రుడ్డిది.

ఒకనాడు బెడ్‌ఫర్డు వీధిలో పనిమీద పోవుచుండగా, వాకిట ఎండలో కూర్చున్న కొందరు పేద స్త్రీలు క్రొత్తజన్మను గూర్చి మాటలాడుకొనుట అతని చెవిని బడెను. మాటకారియైన అతడు ఆ మాటలయెదుట మూగవాడాయెను. అటుపిమ్మట కొన్ని సంవత్సరములు తాను నశించితినను భయముతో పెనుగులాడి, తుదకు క్రీస్తు నీతియందు నెమ్మది పొందెను. ఆ స్త్రీల సంఘములోనే చేరి బోధింప నారంభించెను.

1658లో భార్య మరణించెను. నలుగురు చిన్నపిల్లలకొరకు అతడు ఎలిజబెత్ అను యువతిని పెండ్లాడెను. 1660లో రాచరికము తిరిగి వచ్చెను. ఆ యేడు నవంబరు 12వ తేదీన, రాజసంఘపు ఆరాధనకు వెలుపల కూడిక జరుపుచున్నాడని అతనిని పట్టుకొనిరి. ఇక బోధింపనని మాట యిచ్చినయెడల విడిచిపెట్టుదురు. అతడా మాట ఇయ్యలేదు.

ఇక్కడనే అంత్యకాలపు మాట అతని జీవితములో చొరబడినది. 1661 జనవరిలో థామస్ వెన్నర్ అనువాడు ఇంచుమించు యేబదిమందిని కూర్చుకొని, క్రీస్తు రాజ్యము వచ్చినదని చాటుచు లండను వీధులలో కత్తి దూసెను. దానియేలు గ్రంథములోని అయిదవ రాజ్యమును తమ చేతులతో నిలుపవలెనని వారి తలంపు. అనేకులు హతులైరి. వెన్నరును ఉరితీసిరి. ఆ ఫలము ఎవరు కుడిచిరి? కత్తి ముట్టని చిన్న సంఘములు కుడిచినవి. ప్రతి కూడికయు తిరుగుబాటుగానే ఎంచబడెను. ఆ యేప్రిలులో న్యాయాధికారుల గుమాస్తా కాబ్ చెరసాలకు వచ్చి ఈ అల్లరినే బన్యన్ యెదుట ఎత్తిచూపెను. తాను రాజునకు విధేయుడనని బన్యన్ చెప్పుకొనవలసివచ్చెను. ప్రవచనమును గూర్చి తొందరపడువారు తమ పొరుగువారి తలుపునకు కూడ తాళము వేయింపగలరని మాకు తోచుచున్నది.

ఆగస్టులో ఎలిజబెత్ ఒంటరిగా న్యాయాధిపతుల యెదుటికి వెళ్లి భర్తకొరకు వేడుకొనెను. భర్త పట్టుబడిన దిగులుచే ఆమెకు అకాల ప్రసవమై బిడ్డ దక్కలేదు. మాథ్యూ హేల్ అను న్యాయాధిపతి జాలిపడెను గాని విడుదల కలుగలేదు. చెర పండ్రెండేండ్లు సాగెను. బన్యన్ నాడాలకు లోహపు మొనలు బిగించి అమ్మి ఇంటివారిని పోషించెను. ఈ మధ్యలోనే 1665లో లండనులో మహా తెగులు, 1666లో మహాగ్నిప్రమాదము సంభవించినవి. ప్రకటన గ్రంథములోని సంఖ్యకు ఆ సంవత్సరము కుదిరినదని అనేకులు లోకాంతమునకు లెక్కలు కట్టిరి. ఆ సంవత్సరమే బన్యన్ ప్రచురించినది తన పాపమును దేవుని కృపను గూర్చిన స్వంత సాక్ష్యము.

1672లో విడుదలై సంఘకాపరియాయెను. యాత్రికుని ప్రయాణమును చెరసాలలోనే మొదలుపెట్టెనని పలువురి అభిప్రాయము. 1678లో అది అచ్చుపడెను. వెల ఒకటిన్నర షిల్లింగు. నాశనపురము అగ్నివలన కాలిపోవునని తెలిసి వీపున భారముతో పారిపోవు మనుష్యుని కథ అది. అందులో అర్థము చెప్పువాని యింట ఒకడు వణకుచు లేచి తన కల చెప్పును: ఆకాశము నల్లబడెను, బూర మ్రోగెను, సమాధులు తెరువబడెను, దూతలు కొందరిని కొనిపోయి తనను విడిచిపెట్టిరి. నేటి నవలలు పదునారు సంపుటములలో చెప్పినదానిని బన్యన్ ఒక పుటలో చెప్పెను. సంవత్సరము చెప్పలేదు, ఏ రాజు పేరును పెట్టలేదు. ఆ కల విన్న యాత్రికునికి నిరీక్షణయు భయమును రెండును కలిగినవి. అతడు అక్కడ నిలిచిపోక త్రోవ పట్టెను.

దీనిని అచ్చువేయక మునుపే స్నేహితులు రెండు పక్షములైరి. కొందరు వేయుమనిరి, కొందరు వలదనిరి. పుస్తకము మొదటనున్న పద్యములలో బన్యన్ ఈ సంగతి దాచలేదు. ప్రవక్తలును ప్రభువును ఉపమానములు వాడిరి గదా అని వాదించి, హోషేయ గ్రంథము పండ్రెండవ అధ్యాయపు మాటను ముఖపత్రముమీదనే అచ్చువేయించెను. నాతాను దావీదునకు గొఱ్ఱెపిల్ల కథ చెప్పినప్పుడు ఆ గొఱ్ఱెపిల్ల ఏ ఊరిదని ఎవరును అడుగరు. అయినను ఆక్షేపణ ఆగలేదు. 1682లో థామస్ షెర్మన్ అనువాడు ఆ కథలో గాంభీర్యము చాలదని, చదువరులు నవ్వుదురని తలంచి, తానే రెండవ భాగము వ్రాసి ప్రకటించెను. దానిని నేడు చదువువారు అరుదు.

బన్యన్ స్వంత రెండవ భాగము 1684లో వచ్చెను. మొదటి భాగములో వెనుక దిగబడిన భార్యయు పిల్లలును ఇందులో బయలుదేరుదురు. వారి వెంట చంకకఱ్ఱలవాడు, బలహీన మనస్కుడు, నిరాశపరుడు, అతని కుమార్తెయైన మిక్కిలి భయస్థురాలు నడతురు. వారందరును నది దాటుదురు. భయపడు చదువరులను గూర్చి అతడు బహుగా ఆలోచించెనని మేము తలంచుచున్నాము. ఆ చిన్న వయస్సు కలలు అతనికి జ్ఞాపకము లేకుండునా?

1688లో ఒక తండ్రికిని కుమారునికిని మధ్యనున్న కోపమును తీర్చుటకు అతడు గుఱ్ఱమెక్కి రెడింగు పట్టణమునకు వెళ్లెను. వారు సమాధానపడిరి. అక్కడనుండి లండనుకు పోవు త్రోవలో జడివానలో తడిసి జ్వరము తగిలెను. స్నో హిల్ అను వీధిలో పచారు సరుకుల వర్తకుడైన ఒక స్నేహితుని యింట, ఆగస్టు 31వ తేదీన కన్నుమూసెను. బన్‌హిల్ ఫీల్డ్స్ అను సమాధుల తోటలో అతనిని పాతిపెట్టిరి.