చేతికి తగిన పనిముట్టు – ఎల్మర్ కీత్ జీవితం

మన సంఘం ప్రత్యేక సంచిక కోసం ప్రతి సభ్యుడూ తన వృత్తిలో పేరుపొందిన ఒక వ్యక్తి జీవితాన్ని పరిచయం చేస్తే బాగుంటుందని కార్యవర్గం వారు కోరారు. ఇంజనీరింగు శాఖ మిత్రులు కాటన్ దొర గురించీ, విశ్వేశ్వరయ్య గారి గురించీ ఎలాగూ రాస్తారు. నేను ముప్పై రెండేళ్ళు పోలీసు శాఖ ఆయుధాగారంలో ఆర్మరర్‌గా పనిచేసినవాణ్ణి. తుపాకులు విప్పడం, తుడవడం, మరమ్మతు చేయడం, లెక్క అప్పజెప్పడం, ఇదే నా బ్రతుకు. మా వృత్తివారు గురువుగా తలచుకునే అమెరికా దేశస్థుడు ఎల్మర్ కీత్ జీవితాన్ని నాకు తెలిసినంతలో మనవి చేసుకుంటాను. ఆయుధాల గురించి ఆసక్తి లేనివారు కూడా చివరిదాకా చదవగలరని ఆశిస్తున్నాను.

ముందుగా సింగిల్ యాక్షన్ రివాల్వర్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పాలి. 1971లో మన సూపర్‌స్టార్ కృష్ణ గారి "మోసగాళ్ళకు మోసగాడు" చూసినవారికి కౌబాయ్ నడుముకు వేలాడే తుపాకీ గుర్తుండే ఉంటుంది. ఆ తరహా తుపాకుల్లో ప్రసిద్ధమైన దానిని కోల్ట్ కంపెనీ 1873లో అమెరికా సైన్యానికి తయారు చేసింది. తిరిగే సిలిండర్‌లో ఆరు గదులుంటాయి. ప్రతిసారీ బొటనవేలితో హేమర్‌ను వెనక్కి లాగాలి. అప్పుడు సిలిండర్ ఒక గది మేర తిరుగుతుంది. ట్రిగ్గర్ చేసే పని ఒక్కటే, హేమర్‌ను వదలడం. అందుకే దానికి సింగిల్ యాక్షన్ అని పేరు. ఆ పాత తుపాకీలో అయిదు తూటాలే పెట్టి, హేమర్ కింద ఉన్న గదిని ఖాళీగా ఉంచుకోవడం తెలిసినవారి పద్ధతి. లేకపోతే చెయ్యి జారి కింద పడినా పేలే ప్రమాదం ఉంది.

బాల్యం – అగ్నిప్రమాదం

కీత్ 1899 మార్చి 8న మిస్సోరి రాష్ట్రంలోని హార్డిన్‌లో జన్మించారు. చిన్నతనంలోనే ఆ కుటుంబం పడమటి దిక్కున ఉన్న మోంటానా రాష్ట్రానికి వలస వెళ్ళింది. పన్నెండేళ్ళ వయసులో మిసూలా పట్టణంలో బస చేసిన భవనానికి నిప్పంటుకుని ఆ కుర్రవాడు ఒళ్ళంతా కాలిపోయాడు. బ్రతుకుతాడని వైద్యులకు ఆశ లేదు. ప్రాణమైతే దక్కింది గాని ఎడమ చెయ్యి వంకరపోయి కర్రలా బిగుసుకుపోయింది.

అటువంటి చెయ్యి ఉన్న పిల్లవాడిని ఏ తల్లిదండ్రులైనా ఇంటిపట్టునే ఉంచుకుంటారు. కాని ఆ కుర్రవాడు ఊరుకోలేదు. బిగుసుకుపోయిన వేళ్ళను విరిచి, తిన్నగా పెట్టి కట్టు కట్టమని కన్నవారినే అడిగాడు. వారు గుండె రాయి చేసుకుని అలాగే చేశారు. ఆ చెయ్యి పూర్తిగా మామూలు కాకపోయినా పనికివచ్చేదయింది. ఆ తరువాత ఆయన పశువుల కాపరి పని చేశారు, పొగరుబోతు గుర్రాలను లొంగదీశారు, కొండల్లో వేటగాళ్ళకు దారిచూపే గైడుగా బ్రతికారు. 1861–65 నాటి అంతర్యుద్ధంలో పోరాడిన ముసలి సైనికులు అప్పటికింకా మోంటానాలో ఉండేవారు. రివాల్వర్ పట్టడంలో ఆయన తొలి పాఠాలు నేర్చుకున్నది వారి దగ్గరే.

పగిలిన రివాల్వర్

1925 జూలై 4, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం. మనం దీపావళికి టపాకాయలు కాల్చినట్టు ఆనాడు అక్కడివారు తుపాకులు పేలుస్తారు. కీత్ కూడా తన పాత .45 కోల్ట్ రివాల్వర్ పేల్చారు. అది చేతిలోనే పగిలింది. సిలిండర్ పైభాగమూ, దాని మీది ఇనుప పట్టీ ఎగిరిపోయాయి. అదృష్టవశాత్తు ఆయనకు పెద్ద దెబ్బ తగలలేదు.

తప్పు ఆయనదే. ఆ తుపాకీ భరించగలిగిన దానికంటే బరువైన గుండు, ఎక్కువ మందు దట్టించారు. ఆ సంగతి దాచిపెట్టకుండా అమెరికన్ రైఫిల్‌మన్ పత్రికకు రాసి పంపారు. పత్రికా రచయితగా ఆయన జీవితం అలా తన పొరపాటును నలుగురికీ చెప్పుకోవడంతో మొదలయింది. పగలడానికి కారణం కూడా ఆయన వెతికి పట్టుకున్నారు. సిలిండర్ కొలత ఒకటే అయినప్పుడు .45 తూటా కోసం పెద్ద రంధ్రం తొలిస్తే గదుల గోడలు పలచబడతాయి. కొంచెం సన్నదైన .44 తూటాకయితే ఇనుము ఎక్కువ మిగులుతుంది. ఆనాటి నుంచి ఆయన .44 స్పెషల్ తూటాకు మారిపోయారు.

దానికి తగిన గుండును కూడా ఆయనే రూపొందించారు. ముక్కు చదునుగా, భుజం పదునుగా ఉండే ఆ సీసపు గుండు 250 గ్రెయిన్లు, అంటే సుమారు పదహారు గ్రాములు తూగుతుంది. కాగితం మీద కొడితే పంచింగు మిషనుతో కొట్టినట్టు గుండ్రని రంధ్రం పడుతుంది. ఈనాటికీ ఆ ఆకారాన్ని కీత్ బుల్లెట్ అనే అంటారు.

అయిదో నంబరు

నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇది. 1928లో ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో డర్కీ అనే చోట చిన్న పశువుల క్షేత్రం నడుపుతున్నారు. రివాల్వర్‌తో చాలా దూరం గురి కొట్టవచ్చునని ఆయన పత్రికలో రాసింది చదివి, అది నిజమో కాదో తేల్చుకోవాలని ఫిలడెల్ఫియా నుంచి హెరాల్డ్ క్రాఫ్ట్ అనే ఔత్సాహికుడు పెట్టె నిండా రివాల్వర్లతో దిగారు. ఏడువందల గజాల దూరాన నాలుగడుగుల చదరపు గురి నిలబెట్టారు. వెల్లకిలా ఆనుకుని కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఆనించి కాల్చడం కీత్ పద్ధతి. అంత దూరం నుంచి గుళ్ళు ఆ గురికి తగలడం క్రాఫ్ట్ కళ్ళారా చూశారు. అనుమానంతో వచ్చిన మనిషి ఆప్తమిత్రుడయ్యారు.

క్రాఫ్ట్ తన అభిరుచి ప్రకారం మార్పులు చేయించుకున్న రివాల్వర్లకు ఒకటి నుంచి నాలుగు దాకా నంబర్లు పెట్టుకున్నారు. ఇద్దరూ కలిసి ఆలోచించి కీత్ కోసం మరొకటి రూపొందించారు. అదే అయిదో నంబరు. నేర్పరులైన తుపాకీ పనివారు కొందరు దాని భాగాలు తీర్చిదిద్దారు.

అందులోని మార్పులు చూస్తే ఆయన ఎంత ఆలోచనపరుడో తెలుస్తుంది. కోల్ట్ వారిదే బిస్లీ అనే మరో నమూనా ఉంది. ఆ బిస్లీ పిడి వెనుక భాగాన్నీ, మామూలు కోల్ట్ ట్రిగ్గర్ గార్డునూ కలిపి చేతిలో కదలకుండా ఇమిడే పిడి చేయించారు. హేమర్ కొనను వెడల్పుగా, కిందికి దించి పెట్టించారు. పట్టు సడలించకుండానే బొటనవేలికి అందాలన్నది అందులోని ఉద్దేశం. పాత కోల్ట్‌కు వెనుక సైట్ అంటే పైభాగంలో ఒక గాడి మాత్రమే, అది జరపడానికి వీలులేనిది. దాని స్థానంలో పైభాగాన్ని చదును చేసి, జరుపుకునే బ్యాక్‌సైట్ బిగించారు. పేలుడు అదురుకు సిలిండర్ ఇరుసు ముందుకు జారిపోకుండా ఒక మీట అమర్చారు. ఇక దూరపు గురి కోసం ఫోర్‌సైట్ మీద సన్నని బంగారు గీతలు పొదిగించడం ఆయనకు అలవాటు. దూరం పెరిగేకొద్దీ ఆ గీతల లెక్కన ఫోర్‌సైట్‌ను పైకి లేపి, గురిని దాని కొన మీద నిలబెట్టి కాల్చేవారు. ఈ రివాల్వర్ గురించి ఆయన రాసిన వ్యాసం 1929 ఏప్రిల్ అమెరికన్ రైఫిల్‌మన్‌లో వచ్చింది.

కంపెనీ తుపాకీ లక్షలమందికి ఒకటే అచ్చులో పోసి వస్తుంది. తన శరీరాన్ని తానే విరిచి కట్టించుకుని సరిచేసుకున్న మనిషికి ఒక ఇనుప వస్తువును చేతికి తగినట్టు సరిచేయించుకోవడం పెద్ద పనిగా తోచలేదేమో అని నాకు అనిపిస్తుంది. అయితే ఒక్క మాట. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీని మార్చాలన్నా, మరమ్మతు చేయాలన్నా లైసెన్సు ఉన్నవారే చేయాలి. యువకులు ఇది గమనించగలరు.

ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో కీత్ మనలాగే ప్రభుత్వ ఉద్యోగి అయ్యారు. యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ ఆయుధాగారంలో చిన్న ఆయుధాల ఇన్‌స్పెక్టర్‌గా పనిచేశారు. మరమ్మతు అయిన రైఫిళ్ళు చివరగా ఆయన విభాగం తనిఖీ దాటి బయటికి వెళ్ళేవి. సరిచూసిన రైఫిల్ చెక్క మీద నాలుగు అక్షరాల ముద్ర పడేది, ఓజీఈకే అని. ఓజీ అంటే ఆగ్డెన్, ఈకే అంటే ఎల్మర్ కీత్. ఆ ముద్ర పడిందంటే ఆ రైఫిల్‌కు ఆయన పూచీ. ముఖం తెలియని ఏ సైనికుడో దాన్ని నమ్ముకుని యుద్ధరంగంలో నిలబడతాడు. ఈనాడు పాత ఆయుధాలు సేకరించేవారు ఆ నాలుగు అక్షరాల కోసం వెతుకుతారు.

రిజిస్టరులో సంతకం పెట్టేటప్పుడు చెయ్యి ఒక క్షణం ఆగడం మనందరికీ అనుభవమే. అది ట్రెజరీ బిల్లయినా, పొలం కొలతల రికార్డయినా, తుపాకీ అయినా సంతకం బరువు ఒకటే.

ముప్పై ఏళ్ళ పట్టుదల

యుద్ధం తరువాత ఆయన ఐడహో రాష్ట్రంలోని సామన్ అనే చిన్న ఊళ్ళో స్థిరపడి, రచనే జీవనాధారం చేసుకున్నారు. పెద్ద టోపీ, నోట్లో చుట్ట, పొట్టి మనిషి, ఇదీ ఆయన రూపం. .44 తూటాను ఇంకా శక్తిమంతంగా, కంపెనీయే సురక్షితంగా తయారుచేసి అమ్మాలని ఏళ్ళ తరబడి పత్రికల్లో పోరు పెట్టారు. రెమింగ్టన్ వారు తూటా, స్మిత్ అండ్ వెసన్ వారు రివాల్వర్ తయారుచేయగా 1955 చివరలో .44 మాగ్నమ్ వెలుగు చూసింది. రివాల్వర్ పగిలిన నాటి నుంచి సరిగ్గా ముప్పై ఏళ్ళు.

అందులో ఒక చిన్న విషయం మా వంటి ఆర్మరర్లకు ఎంతో గొప్పగా కనిపిస్తుంది. కొత్త తూటా గొట్టాన్ని పాత .44 స్పెషల్ కంటే అంగుళంలో ఎనిమిదో వంతు పొడవుగా చేశారు. ఎవరైనా తెలియక ఆ బలమైన తూటాను పాత తుపాకీలో పెట్టబోతే అది పట్టదు. 1925లో కీత్ చేతిలో జరిగినటువంటి ప్రమాదం మరొకరి చేతిలో జరగకుండా ఆ ఎనిమిదో వంతు కాపలా కాస్తోంది.

స్మిత్ అండ్ వెసన్ తుపాకీ డబుల్ యాక్షన్‌ది. సింగిల్ యాక్షన్ అభిమానులకు 1956లో రూగర్ కంపెనీ .44 బ్లాక్‌హాక్ అందించింది. చదునైన పైభాగం, జరుపుకునే సైట్, విరిగిపోయే పలక స్ప్రింగులకు బదులు చుట్ట స్ప్రింగులు, వీటన్నిటితో అది మామూలు మనిషికి అందుబాటు ధరలో దొరికింది. 1920లలో కీత్ డబ్బిచ్చి ప్రత్యేకంగా చేయించుకున్న కొన్ని మార్పులు ఆ విధంగా ఫ్యాక్టరీ వస్తువులోనే వచ్చేశాయి. 1971లో వచ్చిన "డర్టీ హ్యారీ" సినిమాతో .44 మాగ్నమ్ పేరు లోకమంతా తెలిసింది గాని, దాని వెనుక ఉన్న సామన్ ఊరి మనిషి ఎందరికి తెలుసు?

అబద్ధాలకోరు అన్న నింద

ఆయనకు శత్రువులూ తక్కువ లేరు. ఒకసారి తోటి వేటగాడు రైఫిల్‌తో గాయపరచిన జింక తప్పించుకుపోతుంటే, అది ఆరువందల గజాల దూరంలో ఉండగా కీత్ తన .44 మాగ్నమ్‌తో కాల్చారు. మొదటి గుళ్ళు తక్కువలో పడ్డాయి. పడిన చోటు చూసుకుని సరిచేసుకోగా తరువాత రెండు తగిలాయి. ఈ సంగతి రాయగానే చాలామంది నమ్మలేదు, ముఖం మీదే అబద్ధమన్నారు. పక్కన చూసిన సాక్షి ఉన్నా ఆ నింద ఆయనను చివరిదాకా వదలలేదు. ఆయన మాత్రం చెప్పిన మాట మార్చలేదు. తన ఆత్మకథకు 1979లో పెట్టిన పేరు కూడా తాను అక్కడే ఉన్నానని గట్టిగా చాటేదే.

వేట విషయంలో నా మనసు ఆయనతో కలవదు. మన దేశంలో 1972 చట్టం తరువాత వన్యప్రాణుల వేట నేరం, అది మంచిదే. కాని ఒక మాట ఆయన పక్షాన చెప్పాలి. గొప్ప కోసం కల్పించేవాడు మొదటి గుళ్ళు తప్పిపోయాయని రాయడు. తుపాకీ పగిలిందని పత్రికకెక్కినవాడు తగిలిన గుండు గురించి అబద్ధం చెప్పవలసిన పనేముంది?

చివరి రోజులు

1981లో ఆయనకు పక్షవాతం వచ్చింది. అర్ధశతాబ్దం పైగా రాసిన చెయ్యి ఆగిపోయింది. 1926లో పెళ్ళాడిన భార్య లొరైన్ అప్పటికీ తోడుగా ఉన్నారు. ఆనాటి నుంచి మూడేళ్ళు మంచాన ఉండి 1984 ఫిబ్రవరి 14న బోయ్‌సీ నగరంలో కన్నుమూశారు. ఆయన తుపాకులు చాలా ఏళ్ళు భద్రంగా ఉండి 2015లో వేలానికి వచ్చాయి. వాటిలో అయిదో నంబరూ ఉంది. దానిని చేతబట్టాలని ప్రపంచం నలుమూలలా ఎందరో ఆశపడ్డారు.

మిత్రులారా, మనలో చాలామందికి మోకాళ్ళు సహకరించవు, చూపు మందగించింది, చెయ్యి వణుకుతుంది. కాని మనం సరిచూసి సంతకం పెట్టిన పని ఏదో ఒక కాగితం మీదో, కాలువ గట్టు మీదో, ఒక విద్యార్థి చదువులోనో ఇంకా నిలిచే ఉంటుంది. కాలిన చేతితో జీవితం మొదలుపెట్టిన ఎల్మర్ కీత్ పెట్టిన నాలుగు అక్షరాల ముద్ర ఎన్నో రైఫిళ్ళ మీద ఈనాటికీ చెరగలేదు. ఆ నిజాయితీపరుడైన పనివాడికి ఈ చిన్న వ్యాసం ద్వారా నా నమస్సులు సమర్పించుకుంటున్నాను.