ప్లాటో, ఒక టెయిల్ లైట్

జోసెఫ్ ప్లాటో అనగానే చాలామందికి గ్రీకు తత్వవేత్త ప్లేటో గుర్తొస్తాడు. ఆయన వేరు, ఈయన వేరు. ఈయన బెల్జియంలో ఫిజిక్స్ ప్రొఫెసర్. సినిమా చరిత్ర చదివేవాళ్లకి తిరిగే బొమ్మల చక్రం వల్ల, మ్యాథ్స్ వాళ్లకి సబ్బు పొరల వల్ల తెలుసు. నాకు మాత్రం కారు టెయిల్ లైట్ వల్ల తెలిశారు.

ముందు ఆ లైట్ సంగతి. పాత కార్లలో వెనక ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. 5 వాట్లది రాత్రి ఊరికే వెలగడానికి, 21 వాట్లది బ్రేక్ తొక్కినప్పుడు. ఎల్‌ఈడీకి మారిస్తే ఫిలమెంట్లే ఉండవు కాబట్టి అవే ఎల్‌ఈడీలను ఒకసారి మసగ్గా, ఒకసారి గట్టిగా వెలిగించాలి. మసగ్గా వెలిగించడానికి చాలామంది వాడేది పీడబ్ల్యూఎం, అంటే దీపాన్ని వేగంగా ఆర్పుతూ వెలిగించడం. ఆరుతూ వెలిగే దీపం మన కంటికి మసగ్గా, నిలకడగా ఎందుకు కనిపించాలి? దాన్ని కొలిచి చూసినాయనే ప్లాటో.

1801 అక్టోబర్ 14న బ్రస్సెల్స్‌లో పుట్టారు. నాన్న చిత్రకారుడు. కొడుకు కూడా అదే కావాలని బొమ్మల స్కూల్లో వేశారు. పద్నాలుగేళ్లకే అమ్మానాన్నలిద్దరూ పోయారు. లాయరైన మేనమామ పెంచి, లా చదవమన్నారు. ఈయన మనసు మాత్రం సైన్సు మీదే. ఇంట్లో ఒకటి చదవమంటే మనం ఇంకోటి చదివే కథ అప్పట్నుంచీ ఉందన్నమాట. లీజ్‌లో లెక్కలు చెప్తూ, చదువుకుంటూ 1829లో డాక్టరేట్ తీసుకున్నారు. థీసిస్ విషయం: వెలుతురు కంటి మీద వేసే ముద్ర ఎంతసేపు నిలుస్తుంది? రంగు చక్రాలు తిప్పి చూస్తే సెకనులో మూడో వంతు దాకా వచ్చింది.

అదే ఏడాది ఆయన 25 సెకన్లు సూర్యుణ్ణి నేరుగా చూశారు. కొన్నాళ్లు చూపు పోయి, మళ్లీ వచ్చింది. 1832లో, అంచున చీలికలు, లోపల వరుస బొమ్మలు ఉన్న చక్రాన్ని అద్దం ముందు తిప్పితే బొమ్మ కదులుతుందని చూపించారు. దాని పేరు ఫెనాకిస్టిస్కోప్. సరిగ్గా అప్పుడే వియన్నాలో స్టాంప్‌ఫర్ కూడా అలాంటిదే చేశారు. మన సినిమాకి ముత్తాత అది.

1834లో ఇంగ్లండ్‌లో టాల్బట్ ఒక సూత్రం చెప్పారు. మరుసటి ఏడాది ప్లాటో దాన్ని కొలతలతో గట్టిపరిచారు. అందుకే దాన్ని టాల్బట్-ప్లాటో సూత్రం అంటారు. మినుకు కంటికి తెలియనంత వేగంగా దీపం ఆరి వెలిగితే, కంటికి కనిపించేది సగటు వెలుతురే. నాలుగో వంతు సేపు మాత్రమే వెలిగిన దీపం, నాలుగో వంతు వెలుతురుతో నిలకడగా వెలిగే దీపంలాగే ఉంటుంది. మనం కోడ్‌లో డ్యూటీ సైకిల్ 25 శాతం అని రాసేటప్పుడు నమ్ముకునేది ఈ సూత్రాన్నే.

కానీ ఇందులో ఒక షరతు దాగుంది: కన్ను కదలకూడదు. పుంగనూరులో మా మామ తన పాత కారుకి ఎల్‌ఈడీ బల్బులు బిగించుకున్నాడు. పలమనేరు మీదుగా కుప్పం దాకా వెనకే బైక్ మీద వచ్చిన మా అన్న, చూపు పక్కకి తిప్పినప్పుడల్లా ఎర్రచుక్కల వరుస కనిపిస్తోందన్నాడు. లెక్క వేస్తే నిజమే. కన్ను ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకేటప్పుడు సెకనుకి 300 డిగ్రీల వేగం మామూలే. ఆర్డుయినో ఊనో ఎక్కువ పిన్నుల్లో ఇచ్చే 490 హెర్ట్జ్ తీసుకున్నా, రెండు చుక్కల మధ్య 0.6 డిగ్రీలు వస్తుంది. ఆకాశంలో చందమామ వెడల్పే అర డిగ్రీ! పాత ఫిలమెంట్‌కి ఈ గొడవ లేదు, కరెంటు ఆగినా వేడి వల్ల కాసేపు వెలుగుతూనే ఉంటుంది. ఎల్‌ఈడీ వెంటనే ఆరిపోతుంది. మందు రెండు రకాలు. ఫ్రీక్వెన్సీని కొన్ని వేల హెర్ట్జ్‌కి పెంచాలి, లేదా ఆర్పడం మానేసి కరెంటునే తగ్గించాలి. మేం రెండోది చేశాం. చుక్కలు పోయాయి.

మళ్లీ ప్లాటో దగ్గరికి వద్దాం. 1835లో ఘెంట్‌లో ప్రొఫెసర్ అయ్యారు. 1843 కల్లా రెండు కళ్లూ పూర్తిగా పోయాయి. సూర్యుణ్ణి చూడటం వల్లే అని చాలాకాలం చెప్పుకున్నారు. కంటి లోపలి వాపు జబ్బు అయ్యుంటుందని తర్వాతి వాళ్లు తేల్చారు. కన్ను ఎలా చూస్తుందో కొలిచిన మనిషికి అప్పటికి నలభై రెండేళ్లు కూడా నిండలేదు. ఇంకో నలభై ఏళ్లు చీకట్లోనే బతికారు.

ఆ నలభై ఏళ్లూ పని ఆపలేదు. తీగ చట్రాలను సబ్బు నీళ్లలో ముంచితే పొరలు ఎలా నిలుస్తాయో పరిశోధించారు. ప్రయోగం ఆలోచించేది ఆయన, చేసి చూసి చెప్పేది ఇంట్లోవాళ్లు, సహోద్యోగులు, అల్లుడు. మూడు పొరలు ఎప్పుడూ 120 డిగ్రీల కోణంలోనే కలుస్తాయన్నది అలా తేలిందే. 1873లో అదంతా రెండు సంపుటాల పుస్తకం అయింది. 1883 సెప్టెంబర్ 15న ఘెంట్‌లోనే పోయారు. ఆయన పేరు పెట్టిన లెక్కను సాధించినందుకు జెస్సీ డగ్లస్‌కి 1936లో, మొట్టమొదటిసారి ఇచ్చినప్పుడే, ఫీల్డ్స్ మెడల్ వచ్చింది. సబ్బు పొరల నియమాలకి పూర్తి రుజువు 1976లో జీన్ టేలర్ ఇచ్చేదాకా దొరకలేదు.

కారు నడిపేవాడికి తన టెయిల్ లైట్ ఎప్పటికీ కనిపించదు. అది వెనక వచ్చేవాడి కోసం. వాడికి చుక్కలు కనిపిస్తున్నాయా, మామూలు వెలుగుకీ బ్రేక్ వెలుగుకీ తేడా తెలుస్తోందా అన్నది వాణ్ణే అడగాలి. ప్లాటో నలభై ఏళ్లు చేసింది అదే. పక్కవాళ్లని అడిగి, వాళ్లు చెప్పింది నమ్మి, దాని మీద లెక్క కట్టారు. మీ ప్రాజెక్ట్‌లో లైట్ డిమ్ చేసేటప్పుడు స్క్రీన్ మీద వేవ్‌ఫామ్ చూసి సరిపెట్టుకోకండి. రాత్రిపూట ఒక ఫ్రెండ్‌ని వెనక నిలబెట్టి, కళ్లు అటూ ఇటూ తిప్పమనండి.