చెరసాలలో దీపము కోరిన భక్తుడు

చదువవలసిన వాక్యభాగములు: 2 తిమోతి 4:9-13, అపొస్తలుల కార్యములు 17:10-12



అపొస్తలుడైన పౌలు తన అంత్యదినములలో చెరసాలనుండి తిమోతికి వ్రాయుచు, తన అంగీని, పుస్తకములను తెచ్చిపెట్టుమని కోరిన సంగతి మన మెరుగుదుము. మరణము వాకిట నిలిచియున్నప్పుడు పుస్తకములతో పని యేమని మనకు తోచవచ్చును. అటుతరువాత దాదాపు పదునైదు శతాబ్దములకు మరియొక భక్తుడు మరియొక చెరసాలనుండి అట్టి మనవియే చేసెను. ఆయన పేరు విలియం టిండేల్. క్రొత్త నిబంధనను గ్రీకు మూలమునుండి ఆంగ్లభాషలోనికి తర్జుమా చేసి, మొట్టమొదట అచ్చువేయించినవాడు ఆయనయే. వేదమును కలిగియుండుట వేరు, వేదమును నేర్చుకొనుట వేరు అను సత్యమును ఆయన చరిత్ర మనకు బోధించుచున్నది.

టిండేల్ ఇంగ్లండు దేశపు పడమటి దిక్కుననున్న గ్లాస్టర్ ప్రాంతములో ఇంచుమించు 1494లో జన్మించెను. అది గొఱ్ఱెల కాపరులును, ఉన్నిబట్ట నేయువారును, సేద్యగాండ్రును నివసించు పల్లెసీమ. ఆయన ఆక్స్‌ఫర్డు విద్యాలయములో చదివి, 1515లో ఎం.ఏ. పట్టము పొందెను. ఆ కాలమున అచ్చట వేదాంతము చదువగోరువారు ముందుగా అనేక సంవత్సరములు తర్కము మొదలగు శాస్త్రములను నేర్చిన పిమ్మటగాని వేదగ్రంథమును చేపట్టుట లేదు. ఈ పద్ధతి ఆయన మనస్సును మిక్కిలి నొప్పించెను. 1516లో ఎరాస్మస్ అను పండితుడు గ్రీకు క్రొత్త నిబంధనను అచ్చువేయించగా, టిండేల్ దానిని శ్రద్ధతో పఠించెను.

అప్పటి ఇంగ్లండులో దేవాలయ ఆరాధన లాటిను భాషలో జరుగుచుండెను. పల్లెజనులు ప్రతి ఆదివారము వచ్చి, మ్రొక్కి, ఇండ్లకు పోవుచుండిరి. తాము విన్నదాని భావము వారికి తెలియదు. బిషప్పుల అనుమతి లేకుండ ఎవడును వేదమును ఆంగ్లములోనికి త్రిప్పరాదని 1408లోనే కట్టడ చేయబడియుండెను. దానిని మీరినవారికి కఠిన శిక్ష కలదు.

చదువు ముగిసిన పిమ్మట టిండేల్ తన స్వస్థలమునకు తిరిగివచ్చి, సర్ జాన్ వాల్ష్ అను ధనికుని గృహములో పిల్లలకు ఉపాధ్యాయుడుగా నుండెను. ఆ యింటికి భోజనమునకు గురువులును మఠాధిపతులును వచ్చుచుండిరి. మాటలలో టిండేల్ వేదవాక్యమును చూపినప్పుడెల్ల వారికి కోపము వచ్చుచుండెను. ఏలయనగా వారిలో అనేకులు ఆ వాక్యమును ఎన్నడును పరిశీలించినవారు కారు. ఒక దినమున వారిలో ఒకడు, దేవుని ధర్మశాస్త్రము లేకున్నను పోపు శాసనము లుండిన చాలునని పలికెను. అది విని టిండేల్ సహింపలేకపోయెను. దేవుడు తన ఆయుష్షును పొడిగించినయెడల, పొలములో నాగలి దున్ను కుఱ్ఱవాడు ఆ గురువుకంటె ఎక్కువగా వేదమును ఎరుగునట్లు చేసెదనని ఆయన ప్రతిజ్ఞ పూనెను. వేదము మాతృభాషలో కన్నులయెదుట లేకున్న సామాన్యజనులు సత్యమందు స్థిరపడుట అసాధ్యమని ఆయన అనుభవపూర్వకముగా తెలిసికొనెను.

1523లో టిండేల్ లండను నగరమునకు పోయి, బిషప్ టన్‌స్టల్‌గారి ఆశ్రయము కోరెను. బిషప్పు విద్యావంతుడే గాని, తన యింట చోటు లేదని చెప్పి పంపివేసెను. హంఫ్రీ మన్మత్ అను బట్టల వర్తకుడు ఆయనను తన యింట చేర్చుకొనెను. స్వదేశములో ఈ పనికి స్థలము లేదని గ్రహించి, టిండేల్ 1524లో జర్మనీ దేశమునకు ఓడనెక్కెను. మరల ఆయన తన దేశమును చూచినట్లు దాఖలా లేదు.

1525లో కొలోన్ పట్టణమున అచ్చుపని ప్రారంభమాయెను. అయితే విరోధులకు ఆ సంగతి తెలిసి, అధికారులచే పని నాపించిరి. టిండేల్ అచ్చయిన కాగితములను పట్టుకొని పడవలో వోర్మ్స్ పట్టణమునకు తప్పించుకొనిపోయెను. అచ్చట 1526లో క్రొత్త నిబంధన సంపూర్తిగా అచ్చయ్యెను. అది చేతిలో ఇముడునంత చిన్న పుస్తకము. దానిమీద టిండేల్ తన పేరైనను వేసికొనలేదు. వేలకొలది ప్రతులు బట్టల బేళ్ల నడుమ దాచబడి ఇంగ్లండు రేవులకు చేరెను. సేద్యగాడును, నేతగాడును, ఇల్లాలును రహస్యముగా దానిని కొని, తలుపులు మూసికొని చదువుకొనిరి.

బిషప్ టన్‌స్టల్ దొరకిన ప్రతులను లండనులో బహిరంగముగా తగులబెట్టించెను. అంతటితో నిలువక, ఒక వర్తకునిద్వారా ఆ పుస్తకములను డబ్బిచ్చి కొని నాశనము చేయజూచెను. ఆ సొమ్ము టిండేల్ చేతికే చేరి, తప్పులు దిద్దిన క్రొత్త ముద్రణకు అక్కరకు వచ్చెనని ఆ కాలపు చరిత్రకారుడొకడు వ్రాసియున్నాడు. దేవుడు శత్రువుల సొమ్మును సయితము తన సేవకు వాడుకొనగలడు! అయినను అగ్ని బహుగా దహించెను. ఆ 1526 ముద్రణలో నేటికి మూడు ప్రతులు మాత్రమే మిగిలియున్నట్లు తెలియుచున్నది.

అటుపిమ్మట టిండేల్ ఆంట్వెర్ప్ పట్టణములో నివసించుచు, హెబ్రీ భాష నేర్చుకొని, 1530లో మోషే పంచకాండములను ప్రచురించెను. 1534లో క్రొత్త నిబంధనను మరల సవరించి వెలువరించెను. ఒకసారి చేసిన పనితో ఆయన తృప్తిపడలేదు. మూలమును మరల మరల చదివి, మాట మాటయు తూచి దిద్దెను.

అచ్చట ఆయన వారమంతయు ఎట్లు గడపెనో భక్తచరిత్రకారుడైన జాన్ ఫాక్స్ తెలిపియున్నాడు. సోమవారమున తనవలె దేశము విడిచివచ్చిన దరిద్రులను దర్శించి సహాయము చేయును. శనివారమున పట్టణపు వీధులలో తిరిగి, ముసలివారిని, బలహీనులను, పిల్లలతో ఇబ్బందిపడు కుటుంబములను వెదకి ఆదుకొనును. ఆదివారమున ఒక వర్తకుని గదిలో చేరినవారికి వేదము చదివి వినిపించును. మిగిలిన దినములు తన పుస్తకమునకే. చదివిన వాక్యము ఆయనను గదిలో కూర్చుండనియ్యక బీదల గుమ్మములకు నడిపించెను. నిజమైన వేదపఠనమునకు ఇదియే గురుతు.

1535 మే నెలలో హెన్రీ ఫిలిప్స్ అను యువకుడు స్నేహము నటించి, భోజనమునకని వెలుపలికి తీసికొనిపోయి, ఆయనను భటులకు అప్పగించెను. ఆయనను బ్రస్సెల్స్ సమీపమందలి విల్‌వోర్డ్ కోటలో చెరయందుంచిరి. అచ్చట ఆయన పదునాఱు నెలలకు పైగా ఉండెను.

చలికాలము వచ్చుచుండగా ఆయన కోట అధికారికి లాటినులో ఒక ఉత్తరము వ్రాసెను. స్వహస్తముతో వ్రాసిన ఆ యుత్తరము నేటికిని భద్రముగా నున్నది. తలకు జలుబుచేసి బాధపడుచున్నాననియు, వెచ్చని టోపీని, అంగీని, మేజోళ్లకు మాసిక వేసికొనుటకు గుడ్డముక్కను పంపుమనియు మనవి చేసెను. చీకటిలో ఒంటరిగా కూర్చుండుట దుర్భరముగా నున్నది గనుక సాయంకాలమున ఒక దీప మిప్పించుమనెను. అన్నిటికంటె ముఖ్యముగా తన హెబ్రీ బైబిలును, హెబ్రీ వ్యాకరణమును, నిఘంటువును ఇప్పించుమని ప్రాధేయపడెను.

చదువరులారా, ఇచ్చట ఒకింత ఆగి ఆలోచించుడి. క్రొత్త నిబంధన యంతయు తన చేతితో తర్జుమా చేసినవాడు ఆయన. వేదము నెరిగినవాడు ఆ దేశములో ఆయనకంటె ఎవడు? అయినను తాను నేర్చినది చాలునని ఆయన అనుకొనలేదు. చావు ఎదుటనున్నను, చలిలో వణకుచున్నను, ఆయన ఆకలి వాక్యముకొరకే.

1536 అక్టోబరులో ఆయనను కొయ్యకు కట్టి, గొంతు బిగించి చంపి, దేహమును కాల్చివేసిరి. ఇంగ్లండు రాజు కన్నులు తెరువుమని దేవుని వేడుకొనుచు ఆయన ప్రాణము విడిచెనని చెప్పుదురు. ఆ ప్రార్థన వ్యర్థము కాలేదు. 1537లో, టిండేల్ తర్జుమాయే అధికభాగముగా గల ఒక బైబిలు రాజు అనుమతితో వెలువడెను. 1538లో ప్రతి గ్రామ దేవాలయమునందును ఆంగ్ల బైబిలు నొకటి ఉంచవలెనని ఆజ్ఞ పుట్టెను. ఏ గ్రంథముకొరకు ఆయన ప్రాణము తీసిరో, ఆ గ్రంథమే రెండేండ్లలో రాజాజ్ఞతో గుడిలోనికి వచ్చెను.

ఇంతటితో కథ ముగిసినయెడల మనకు సంతోషమే. కాని ముగియలేదు. 1551లో జాన్ హూపర్ అను బిషప్పు టిండేల్ పుట్టిన ఆ గ్లాస్టర్ ప్రాంతములోనే 311 మంది గురువులను పరీక్షించెను. వారిలో సగముకంటె ఎక్కువమంది పది ఆజ్ఞలను అప్పగింపలేకపోయిరి. ప్రభువు ప్రార్థనను నేర్పిన దెవరో కొందరికి తెలియదు! గుడిలో బైబిలు ఉంచవలెనని ఆజ్ఞాపించి అప్పటికి పదుమూడేండ్లు గడచెను. గ్రంథము బల్లమీదికి వచ్చెను గాని హృదయములోనికి రాలేదు. కాపరులకే మేత లేనప్పుడు మంద గతి యేమి? నాగలి పట్టిన కుఱ్ఱవానికి చెప్పువాడెవడు?

ప్రియులారా, ఈ ప్రశ్న మన సంఘములకును తగిలినదే. మనకు తెలుగులో వేదము ఊరక దొరకలేదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డి గ్రాంజెస్ అను మిషనరీలు తెలుగు నేర్చి తర్జుమాకు పూనుకొని, కొలది సంవత్సరములలోనే ఈ నేలమీద ప్రాణములు విడిచిరి. వారి ప్రయాసలో కొంతభాగము 1812లో సువార్తలుగా అచ్చయి వెలువడెను. నేడు మన యిండ్లలో వేదము కలదు. ఎవడును దానిని తగులబెట్టుటలేదు. కాని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టి, ఆదివారమున మాత్రమే బయటికి తీసినయెడల, కాల్చబడిన ప్రతికిని మన ప్రతికిని భేదమేమి?

వాక్యము నెరుగని సంఘము తూర్పారబట్టునప్పటి పొట్టువంటిది. ఏ బోధ గాలి వీచిన ఆ ప్రక్కకు కొట్టుకొనిపోవును. బెరయ సంఘస్థులైతే పౌలు బోధనే లేఖనములతో సరిచూచుకొనిరి. అట్లు సరిచూచుకొనుట బోధకునికి అవమానము కాదు, అతనికి బలము.

కాబట్టి, ఒక చిన్న తీర్మానము చేసికొందము. ఈ నెలలో ఒక సువార్తను మొదటినుండి చివరవరకు వరుసగా చదువుదము. పుస్తకము ఎక్కడ తెరచుకొన్న అక్కడ ఒక వచనము చూచి మూసివేయుట వద్దు. ఎవరు ఎవరితో పలుకుచున్నారో, ముందు వెనుకల ఏమున్నదో కనుగొందము. చదువు వచ్చినవారు రానివారికి రాత్రివేళ దీపము దగ్గర చదివి వినిపింతురు గాక. ఇంట అవ్వ కన్నులు కనబడకున్న మనుమడు చదువవలెను. అవ్వ తన అనుభవముతో భావము చెప్పవలెను. తెలియని సంగతిని గురుతుపెట్టుకొని కాపరిని అడుగవలెను. నేర్చుకొన్నదానిలో ఒక్కటైనను ఆ వారమే చేసి చూపవలెను.

ఒక భక్తుడు చెరసాలలో ఒక్క దీపముకొరకు బ్రతిమాలుకొనెను. మన యింట దీపమున్నది, గ్రంథమున్నది, స్వేచ్ఛయున్నది. ఈ రాత్రి ఆ దీపము దగ్గర ఆ గ్రంథమును తెరతుమా?

ప్రార్థన: ప్రభువా, నీ వాక్యమును మా భాషలో మాకనుగ్రహించినందుకు నీకు స్తోత్రములు. దానిని మూసియుంచిన మా సోమరితనమును క్షమించుము. చదువుటకు ఆశను, గ్రహించుటకు బుద్ధిని, చేయుటకు శక్తిని మాకు దయచేయుము. ఆమేన్.