చార్లెస్ ఫిలిప్ బ్రౌన్

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (నవంబరు 10, 1798 – డిసెంబరు 12, 1884) తెలుగుకు నిఘంటువులు కూర్చి, తాళపత్రాలలో శిథిలమవుతున్న కావ్యాలను ఉద్ధరించిన ఆంగ్లేయ అధికారి. కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. 1817లో మద్రాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అభ్యసించి, 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చాడు. బద్వేలు ప్రాంతం అప్పుడూ కడప జిల్లాలో భాగమే.

కడప బంగళా

మచిలీపట్నం, రాజమండ్రిలలో పనిచేసి 1826లో మరల కడప చేరాడు. తన బంగళాలో సొంత ఖర్చుతో పండితులను, లేఖకులను పోషించాడు. ఆ పనికి పర్యవేక్షకుడు అయోధ్యాపురం కృష్ణారెడ్డి. ఒకే కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతి వ్రాయించేవారు. ఇందుకై బ్రౌన్ అప్పులపాలయ్యాడు కూడా. వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో 1829లో ప్రకటించాడు.

లిపి, ముద్రణ

ఇంగ్లీషులో అక్షరాలకు పెద్దబడి, చిన్నబడి అని రెండు రూపాలున్నాయి. వాక్యం మొదలును, మనుషుల పేర్లను, ఊళ్ళ పేర్లను పెద్దబడి అక్షరమే పట్టి ఇస్తుంది. తెలుగు లిపిలో ఈ భేదం లేదు. పైగా తాళపత్రాలపై గంటంతో వ్రాసినవారు పదాల మధ్య ఎడం విడిచేవారు కారు. అందువలన "కృష్ణ" అన్నచోట అది దేవుడా, నదియా, నల్లని రంగా అన్నది సందర్భాన్ని బట్టి తేల్చుకోవలసిందే. (పెద్దబడి ఉన్నా రంగు ఒక్కటే విడివడుతుంది, దేవునికీ నదికీ భేదం తెలియదు.) కనుక పదవిభాగం, పాఠనిర్ణయం పండితుల పాలిట పడ్డాయి.

బ్రౌన్ తెలుగులో లేని పెద్దబడిని తెచ్చిపెట్టలేదు. చదువరికి నిజంగా అవసరమైన చోటనే గుర్తులు కోరాడు. "చీమ"లోని చకారం వేరు, "చాప"లోని చకారం వేరు. ఉచ్చారణ తెలియడానికి రెండవదానిని ౘ అనీ, అటువంటి జకారాన్ని ౙ అనీ నిఘంటువులో చూపించాడు. అరసున్నను మాత్రం అనవసరమని త్రోసిపుచ్చాడు. ఛందస్సు, ప్రాచీన కావ్యపాఠాల దృష్ట్యా ఇది సాహసమే. నేటి సాధారణ ముద్రణలో అరసున్న కానరాదు. ౘ, ౙలు కూడా నిలువలేదు.

నిఘంటువులు

1834లో ఉద్యోగం పోయి ఇంగ్లండు వెళ్ళినపుడు, ఇండియా హౌస్ గ్రంథాలయంలో పడివున్న రెండువేలకు పైగా దక్షిణ భారత గ్రంథాలను గుర్తించి మద్రాసుకు చేర్పించాడు. 1837లో పారశీక అనువాదకుడిగా తిరిగివచ్చాడు. 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. అన్యదేశ్యాలకు వేరుగా మిశ్రభాషా నిఘంటువు 1854లో వచ్చింది.

1855లో ఇంగ్లండు చేరి, 1865లో లండను విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు. లండనులోనే మరణించాడు. కడపలో ఆయన బంగళా ఉన్న స్థలంలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో బ్రౌన్ స్మారక గ్రంథాలయం వెలసింది.