మశూచిని పోల్చుకున్న హకీం

అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియా అల్‌రాజీ సుమారు 865లో, ఇప్పటి టెహ్రాన్ దగ్గరి రయ్ పట్టణంలో జన్మించారు. అక్కడా, బాగ్దాదులోనూ ఆసుపత్రులకు పెద్ద హకీంగా పనిచేశారు. ఆసుపత్రి కట్టే చోటు తేల్చడానికి ఊళ్లో పలుచోట్ల మాంసం ముక్కలు వేలాడదీయించి, ఆలస్యంగా కుళ్లిన చోటును ఎంచారని చెప్పుకుంటారు. కథే కావచ్చు గాని, ఆయన పద్ధతికి సరిపోయే కథ.

మశూచినీ తట్టునూ విడదీస్తూ ఆయన ఒక గ్రంథమే రాశారు. పొక్కులు లేవకముందే జ్వరం, నడుంనొప్పి, నిద్రలో ఉలికిపాటు చూడమన్నారు. నడుంనొప్పి మశూచిలో ఎక్కువట; వికారం, ఆరాటం తట్టులో ఎక్కువట. రోగి కళ్లు పోకుండా ఏం చేయాలో కూడా రాశారు. కారణం మాత్రం ఆయనకు అందలేదు, రక్తం పొంగడమే అనుకున్నారు. హకీం దొరకని బీదలకోసం వేరే పుస్తకం రాసిపెట్టారు. చివరికి తన చూపే పోయింది. 925 ప్రాంతంలో రయ్‌లోనే కన్నుమూశారు. ఆయన అల్‌హావీని మన హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్ 1955 నుంచి అచ్చువేసిందని మనలో ఎందరికి తెలుసు?

మశూచి అంతరించిందని 1980లో ప్రకటించారు. వైరస్ మాత్రం అమెరికా, రష్యాల్లో రెండు ప్రయోగశాలల్లో భద్రంగా వుంది. మన పెద్దల చేతిమీదున్న మశూచి టీకా మచ్చ మన పిల్లలకు లేదు. దుర్మార్గులెవరైనా దాన్ని ఆయుధంగా వదిలితే, మొదటి రోగి వెళ్లేది మశూచిని ఎన్నడూ చూడని కుర్ర డాక్టరు దగ్గరికే. ఇది ఆటలమ్మ కాదని ఆయన ఆ పూటే పోల్చుకోవాలి.