మొక్కల పక్కన తెలుగు పేర్లు రాసిన రాక్స్‌బర్గ్

మన పెద్దలకు అడవిలో చెట్లన్నీ పేరుపేరునా తెలుసు. ఆ పేర్లలో కొన్నింటిని రెండు వందల ఏళ్ల క్రితమే కాగితం మీదికి ఎక్కించిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్. మన యువత తెలుసుకోవాలని ఈ సంచికలో ఆయనను తలచుకుంటున్నాం.

1751లో స్కాట్లాండ్‌లో పుట్టిన రాక్స్‌బర్గ్ ఎడిన్‌బరోలో చదువుకున్నారు. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు చేరారు. 1781లో సామర్లకోటకు వచ్చి అక్కడ తోట వేశారు, మిరియాలు పెంచారు. ఉత్తర సర్కారుల్లో మొక్కలు పోగుచేశారు. ఇంజరంలో నీళ్లు ముంచెత్తి సేకరణ, పుస్తకాలు పోయినా మళ్లీ మొదలుపెట్టారు. ఆకు, పువ్వు, కాయలతో పాటు తెలుగు పేరు, జనం వాడే తీరు రాసుకున్నారు. స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు వేయించారు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లారు. కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన గ్రంథం 300 బొమ్మలతో, మూడు సంపుటాలుగా 1795 నుంచి 1820 వరకు లండన్‌లో వెలువడింది. అది పూర్తికాకముందే, 1815లో ఆయన కన్నుమూశారు.

సోమిద చెట్టు సంగతి చూడండి. దాని బెరడు జ్వరానికి పనికొస్తుందేమోనని, ఖరీదైన సింకోనాకు బదులు వాడవచ్చునేమోనని ఆయన పరీక్షించి 1793లో రాశారు. నేడు దాని శాస్త్రీయ నామం సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. మొదటి మాట మన తెలుగు పేరే. రెండో మాటకు జ్వరాన్ని తరిమేదని అర్థం. తెల్లమద్దికి అర్జున అన్న శాస్త్రీయ నామం పెట్టిందీ ఆయనే.

కానీ బొమ్మలు వేసినవారి పేర్లు ఆ గ్రంథంలో లేవు. చెట్టు చూపించి పేరు చెప్పినవారి పేర్లూ మనకు దక్కలేదు. తెలివి మనవాళ్లది, పేరు వేరొకరిది అయింది. ఆ లోటు ఇప్పుడు మనమే తీర్చాలి.

బ్రాడీపేటలో ఉండి చదువుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సెలవులకు ఊరెళ్లినప్పుడు తాతనో, అవ్వనో వెంటబెట్టుకుని నడవండి. పత్తి, మిరప చేల గట్ల మీద గలిజేరు, గుంటగలగర ఇంకా ఉన్నాయేమో చూడండి. కలుపుమందు దెబ్బకు అవి నిలవడం కష్టమవుతోంది. మొక్కను పీకకండి, ఫొటో తీయండి. ఊరు, నెల, మొక్క పేరు, వాడే భాగం రాయండి. చెప్పిన పెద్దల అనుమతి తీసుకుని వాళ్ల పేరు తప్పక రాయండి. విన్నదాన్ని వైద్యుణ్ణి అడగకుండా మందుగా మింగకండి. పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. వాళ్లతో పాటు ఈ పేర్లూ వెళ్లిపోకుండా చూసుకుందాం.