తత్త్వబోధక స్వామి యనబడిన రాబర్ట్ ది నోబిలి

పూర్వము పడమటి దేశములనుండి మన దేశమునకు వచ్చిన మతగురువులలో రాబర్ట్ ది నోబిలివలె స్తుతిని నిందను సమముగా పొందినవారు అరుదు. ఋషియని కొందరును వేషధారియని కొందరును ఆయననుగూర్చి పలికిరి. వింత యేమన, ఆ నిందలో పెద్దభాగము హిందువులవలన గాక, స్వమతస్థులగు కథోలికులవలననే వచ్చెను. అన్యుల ఆచారములను క్రైస్తవుడెంతవరకు మన్నింపవచ్చును? జందెము, గంధపుబొట్టు, స్నానము, ఇవి దేవతారాధనకు సంబంధించినవా, లోకమర్యాదకు సంబంధించినవా? ఈ ప్రశ్నను రోమాపురిలో పోపుగారి సన్నిధికి చేర్చినది ఈయన జీవితమే గనుక, ఆ చరిత్రమును మన పాఠశాల విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఇచట క్లుప్తముగా తెలుపుచున్నాము.

నోబిలి 1577వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ఇటలీ దేశమున జన్మించెను. తండ్రి పోపుగారి సైన్యములో నాయకుడు. మూడవ జూలియసు పోపు ఆ కుటుంబమునకు బంధువు. గొప్ప వేదాంతియగు కార్డినల్ బెల్లార్మినును చుట్టమే. జ్యేష్ఠపుత్రుడగుటచే బిరుదమును ఆస్తియు నోబిలికే రావలసియుండెను. వానినెల్ల విడిచి, ఇంటివారి యిష్టమునకు విరోధముగా నేపుల్సు నగరమున జెసూట్ సభలో చేరెను. 1604లో లిస్బను రేవున ఓడయెక్కి, 1605 మే 20వ తేదీన గోవాలో దిగెను. కొంతకాలము కొచ్చినులోను, పిదప ముత్యములు తీయు తూర్పు తీరమునను ఉండి, అరవము నేర్చుకొని, 1606 నవంబరులో మధురాపురమునకు వచ్చెను.

ఆనాడు మధురను ఏలుచుండినవారు నాయకరాజులు. వారు తెలుగువారు; వారి కొలువులో తెలుగు మాటయు తెలుగు కవిత్వమును గౌరవము పొందుచుండెను. అందుచేతనే నోబిలి అరవముతోపాటు తెలుగును, సంస్కృతమును గూడ అభ్యసించెను. అప్పటికి పదేండ్లకు పైగా గొన్సాలో ఫెర్నాండెజు అను పోర్చుగీసు గురువు ఆ యూరనుండెను. ఆయన మొదట సిపాయి. పిల్లలకు బడి పెట్టెను, రోగులకు మందులిచ్చెను, తీరమునుండి వచ్చు క్రైస్తవులగు పరవలకు పూజ చెప్పెను. మంచివాడే. అయినను ఆ పట్టణపు కులస్థులలో నొక్కడును ఆయన మాటపై క్రైస్తవుడు కాలేదు. కారణము దూరమున వెదకనక్కరలేదు. పోర్చుగీసువారిని జనులు పరంగులనిరి. గోమాంసము తినువాడు, మద్యము త్రాగువాడు, స్నానమెరుగనివాడు అని ఆ మాటకర్థము. క్రైస్తవులగుదురాయని యడుగవలసినచోట పరంగికులమున చేరుదురాయని యడుగుట గురువులకే వాడుకయై యుండెను. ఇట్లడిగినచో మానముగలవాడెవడు ఔననును?

నోబిలి దీనిని కనిపెట్టెను. పైయధికారియగు లాయెర్సియోగారి యొక్కయు, క్రాంగనూరు ఆర్చిబిషప్పగు ఫ్రాన్సిస్కో రోసుగారి యొక్కయు అనుమతి పడసి, నల్లని నిలువుటంగీని విడిచి కాషాయవస్త్రము ధరించెను. పాదములకు పావుకోళ్లు, చేత కమండలువు, నుదుట గంధము. కొన్నాళ్లు జందెమును వేసికొని దానికి సిలువను కట్టెను. బ్రాహ్మణవీథికి దగ్గర పర్ణశాల కట్టించి, బ్రాహ్మణుడు వండిపెట్టిన అన్నమును కూరలను దినమున కొకసారి మాత్రము భుజించెను. తాను పరంగిని కాననియు, రోమాపురి రాజవంశమున పుట్టిన సన్యాసిననియు చెప్పెను. శివధర్ముడను బ్రాహ్మణపండితుడు ఈయనకు సంస్కృతము నేర్పెను. ఆ కాలమున విదేశీయునికి వేదము చెప్పుట గురువునకే ప్రాణాపాయకరము. అయినను శివధర్ముడు వెనుదీయలేదు. ఐరోపావారిలో సంస్కృతమును లోతుగా చదివిన మొదటివారిలో నోబిలి యొకడనుట నిర్వివాదము.

శివధర్ముడు 1609లో జ్ఞానస్నానము పొందెను. ఆయన శిఖను గాని జందెమును గాని నోబిలి తీయించలేదు. క్రొత్తగా చేరినవారిని స్నానములు మానుమనలేదు. సంక్రాంతినాడు పొంగలి వండుకొనదలచినచో సిలువ పాదమున పొయ్యి పెట్టి వండుకొనుడని చెప్పెను.

ఇక్కడనే కలహమారంభమయ్యెను. ఫెర్నాండెజు 1610లో పైవారికి పెద్ద ఫిర్యాదు వ్రాసి పంపెను. జందెమును బొట్టును విగ్రహారాధనకు గుర్తులనియు, ఈ మనిషి క్రీస్తును దాచి బ్రాహ్మణ్యమును బోధించుచున్నాడనియు అందలి సారము. దీనిని అసూయయని కొట్టివేయుట మాకు న్యాయముగా తోచదు. ఒకే సభకు చెందిన గురువు ఒకే ఊరిలో నుండియు, తనతో కూర్చుండి భుజింపక, తన గుడికి బహిరంగముగా రాక, తాను పరంగిని కానని చాటుచుండగా ఆ వృద్ధుని మనస్సు నొచ్చుట సహజము. పరంగిని కాననుట మాటకు నిజమే. కాని విన్నవారు ఆ యిరువురి మతములు వేరని తలంచియుండిన తప్పెవరిది?

వార్త గోవాకు, గోవానుండి రోమాపురికి పోయెను, పోయినకొలది పెరిగెను. నోబిలి క్రైస్తవమును వదలి అన్యుడయ్యెనని ఇటలీలో బంధువులు దుఃఖించిరి. బెల్లార్మినుగారే మందలించుచు ఉత్తరము వ్రాసిరి. క్రీస్తు వినయము బోధింపవచ్చినవాడు బ్రాహ్మణుల గర్వమును అనుకరించుట తగదని ఆయన అభిప్రాయము. నోబిలి కోపింపక, కారణములను సవిస్తరముగా వ్రాసి పంపెను. వాటిని చదివి బెల్లార్మిను తన మనస్సు మార్చుకొని, తరువాత ఆయన పక్షమే వహించెను. ఇంతటి పండితుడు పిన్నవాని యుత్తరము చదివి అభిప్రాయము మార్చుకొనుట మేము విశేషముగా నెన్నుచున్నాము.

నోబిలి వాదమిది. జందెము ఒక దేవతను కొలుచుటకు గాక కులమును విద్యను తెలుపుటకు ధరింపబడుచున్నది. శిఖయు నట్టిదే. గంధము అలంకారము, స్నానము శుచి. దీనికై ఆయన ధర్మశాస్త్రములనుండి ప్రమాణములు చూపెను. నూరుమందికి పైగా బ్రాహ్మణుల చేవ్రాళ్లు సంపాదించెను. ప్రాచీన నిదర్శనమును గూడ ఎత్తి చూపెను. 601లో మహా గ్రెగొరీ పోపు బ్రిటను దేశపు అన్యుల ఆలయములను కూల్చక, విగ్రహములను మాత్రము తీసివేసి, వానినే దేవుని గుడులుగా చేసికొనుడని తన గురువులకు సెలవిచ్చియుండెను. ఎదిరిపక్షమువారు ఊరకుండలేదు. ఆ జందెమును వేయునపుడు మంత్రములు చెప్పరా, ఆ గంధమును దేవతలకు పూయరా అని వారడిగిరి. చెప్పుదురు, పూయుదురు. ఆ సంగతి మన కందరకును తెలిసినదే. కావున ఈ చిక్కు ఊహించినంత సులభమైనది కాదు.

1619 ఫిబ్రవరిలో, అయిదవ పాల్ పోపుగారి యాజ్ఞచొప్పున, గోవాలో ఆర్చిబిషప్పు అధ్యక్షతను సభ కూడెను. వేదాంతులును, మతవిచారణాధికారులును, పలు సభల గురువులును వచ్చిరి. ఆ గొప్ప సభలోనికి నోబిలి కాషాయముతోనే ప్రవేశించెను. చూచినవారికి రోషము కలిగెను. తన వాదమును తాను వినిపించెను. వృద్ధుడగు రోసుగారు తోడు నిలిచిరి. కాని సభ్యులలో అధికసంఖ్యాకులు ప్రతికూలముగా అభిప్రాయమిచ్చిరి. విచారణాధికారులలో నొకడు మాత్రము అనుకూలుడయ్యెను. పదమూడేండ్ల శ్రమ నీటిపాలగునట్లుండెను. జందెము త్రెంచుకొనవలసినచో క్రొత్త క్రైస్తవులు ఇల్లు, ఆస్తి, బంధువులు అన్నిటిని కోల్పోయెదరు. లేదా విశ్వాసమునే వదలెదరు.

కాగితములు లిస్బనుమీదుగా రోముకు పోయెను. లిస్బనులోని ప్రధాన విచారణాధికారి నోబిలిని సమర్థించెను. 1621లో బెల్లార్మిను మరణించెను. తీర్పును చూచు భాగ్య మాయనకు లేకపోయెను. రోమున ఐర్లండు దేశపు ఆర్చిబిషప్పగు పీటరు లొంబార్డు మొదలగు వేదాంతులు విషయమును పరిశీలించి అనుకూలముగా చెప్పిరి. తుదకు 1623 జనవరి 31వ తేదీన పదునైదవ గ్రెగొరీ పోపు ఆజ్ఞాపత్రము వెలువడెను. మంత్రములను, మూఢాచారములను వదలినయెడల జందెము, శిఖ, గంధము, స్నానము ఉంచుకొనవచ్చునని యందు సెలవాయెను. ఇది శాశ్వతశాసనము కాదు, మరల విచారించు వరకే. అదే పత్రములో పోపుగారు మరియొక మాట చేర్చిరి: కులీనులమనుకొను క్రైస్తవులు తక్కువ స్థితివారిని, ముఖ్యముగా దేవుని గుడిలో, తృణీకరింపరాదని వేడిరి.

ఆ వేడుకోలు సరిగా వినబడలేదు. నోబిలి పద్ధతిలో బ్రాహ్మణులను తాకు గురువు మాలమాదిగలను బహిరంగముగా తాకరాదు. 1640 ప్రాంతమున తక్కువ కులములకై పండారస్వాములను వేరు గురువులను ఏర్పరచిరి. అన్యుల మర్యాదను మన్నించుట ఒకటి, ఆ మర్యాదచే నలిగినవారిని మరచుట మరియొకటి. ఈ రెండును ఒకే పనిలో కలిసి వచ్చినవి. నోబిలిని మెచ్చుకొనువారు ఈ లోపమును కప్పిపుచ్చుట మాకు సమ్మతము కాదు.

తరువాత ఆయన తిరుచిరాపల్లి, సేలము ప్రాంతములలో చాలకాలము తిరిగెను. 1640లో మధురలో చెరసాలయు చూచెను. అరవమున జ్ఞానోపదేశము, ఆత్మనిర్ణయము, దూషణధిక్కారము మొదలగు గద్యగ్రంథములు రచించెను. దేవునికి సర్వేశ్వరుడనియు, మతగురువునకు గురువనియు పేళ్లు వాడి, లత్తీను మాటలతో జనులను బెదరగొట్టకుండెను. కన్నులు మందగించిన పిమ్మట పైవారాయనను మధురనుండి తీసి యాఴ్పాణమునకును, పిదప మైలాపురమునకును పంపిరి. అచట ఊరి వెలుపల మట్టిగుడిసెలో, తన పూర్వనియమముతోనే కాలము గడిపెను. చూపు దాదాపు పోయినను చెప్పి వ్రాయించుట మానలేదు. 1656 జనవరి 16వ తేదీన మరణించెను.

కలహము మాత్రము ఆయనతో మరణింపలేదు. ఆయన త్రోవను బట్టి ఫ్రెంచి జెసూట్లు 18వ శతాబ్ది యారంభమున సన్యాసివేషముతో మన పుంగనూరు ప్రాంతమునకు వచ్చి తెలుగున బోధించిరి. కాని 1704లో పోపుగారి ప్రతినిధియగు తుర్నోను పుదుచ్చేరిలో ఈ యాచారములలో ననేకమును నిషేధించెను. 1744లో పదునాలుగవ బెనెడిక్టు పోపు ఆ నిషేధమును స్థిరపరచి, గురువులచే ప్రమాణము చేయించెను. ఆ ప్రమాణము 1940 వరకు నిలిచెను. 1965లో రెండవ వాటికను మహాసభ ఇతర మతములలోని సత్యమును పవిత్రతను తిరస్కరింపమని ప్రకటించెను. 1986 ఫిబ్రవరిలో రెండవ జాన్ పాల్ పోపు భరతఖండమునకు వచ్చినపుడు ఒక స్త్రీ ఆయన నుదుట తిలకము దిద్దెను. ఆయన తల వంచి స్వీకరించెను. ఆ చిత్రమును చూచి ఐరోపా అమెరికాలలోని కొందరు కథోలికులు, పోపుగారు అన్యదేవత గుర్తును ధరించిరని వ్రాసిరి. అది వచ్చిన అతిథిని గౌరవించు బొట్టేయని రోమునుండి సమాధానము చెప్పవలసివచ్చెను.